పలక మీద నిలవని చూపు: జిడ్డు కృష్ణమూర్తి చిన్ననాటి బడి

కోలారు నుంచి శ్రీనివాసపురం మామిడితోటలు దాటి, రాయల్పాడు మీదుగా వెళితే వంద కిలోమీటర్ల లోపే మదనపల్లె వస్తుంది. కోరమండల్, ఊరిగాం, చాంపియన్, మారికుప్పం లైన్ ఇళ్లలో ఆ వైపు చుట్టరికాలున్న కుటుంబాలు చాలానే ఉన్నాయి. అదే ఎర్రమట్టి, అవే బండగుట్టలు, అవే రాగిచేలు, అదే నీటికరువు. ఆ ఊళ్లో 1895 మే నెలలో ఒక తెలుగు ఇంట పుట్టిన పిల్లవాడికి బడిలో మొద్దు అని పేరు పడింది. పాఠం అప్పజెప్పలేడని దాదాపు రోజూ దెబ్బలు తిన్నాడు. చెట్టునో, మబ్బునో, చీమల బారునో చూస్తూ ఉండిపోయేవాడు. పెద్దయ్యాక ఆయన మాట వినడానికి దేశదేశాల నుంచి జనం వచ్చారు. ఆయనే జిడ్డు కృష్ణమూర్తి.

మహనీయుల జీవితాల్లో పెద్దయ్యాక జరిగిన సంగతులే ఎక్కువగా చెప్పుకుంటాం. ఈ వారం మేము ఆయన చిన్నతనం దగ్గర, బడి దగ్గర ఎక్కువసేపు ఆగుతున్నాం. కిటికీ పక్కన కూర్చుని బయటికి చూసే పిల్లలు మన ప్రతి తరగతిలోనూ ఒకరిద్దరు ఉంటారు. వాళ్లను ఏం చేయాలో తెలియక ఉపాధ్యాయులం తల పట్టుకుంటాం, తల్లిదండ్రులు దిగులు పడతారు. అలాంటి వాళ్ల కోసమే ఈ కథ.

ఎనిమిదో సంతానం

తండ్రి జిడ్డు నారాయణయ్య మద్రాసు విశ్వవిద్యాలయంలో పట్టభద్రుడు. బ్రిటిష్ ప్రభుత్వ రెవెన్యూ శాఖలో ఉద్యోగి. తల్లి సంజీవమ్మ. ఎనిమిదో సంతానం మగపిల్లవాడు కాబట్టి ఆచారం ప్రకారం కృష్ణుడి పేరు పెట్టుకున్నారు. మదనపల్లె అప్పుడు కడప జిల్లాలో ఉండేది. చిత్తూరు జిల్లా ఏర్పడింది 1911లోనే.

తండ్రి ఉద్యోగంలో బదిలీలు తప్పవు. బదిలీ అయినప్పుడల్లా పిల్లలకు కొత్త ఊరు, కొత్త పంతులు, కొత్త తోటిపిల్లలు. పైగా కృష్ణకు పసితనంలోనే మలేరియా పట్టుకుంది. చాన్నాళ్లపాటు జ్వరం తగ్గుతూ, తిరగబెడుతూ ఉండేది. ముక్కులోంచి రక్తం కారేది. ఆ జ్వరాల వల్ల ఏడాది పాటు బడికే వెళ్లలేదు. 1904లో పెద్దక్క చనిపోయింది. మరుసటి ఏడు డిసెంబరులో తల్లి సంజీవమ్మ పోయింది. అప్పటికి కృష్ణ వయసు పదేళ్లు. ఇంట్లో వాడిని అందరికన్నా దగ్గరగా చూసుకున్నది ఆమే. బడికి వెళ్లలేని రోజుల్లో వాడికి తోడు ఉన్నదీ ఆమే.

ఈ లెక్కంతా ఒకసారి కూడి చూడండి. జ్వరం, రక్తం కారడం, బదిలీలు, తప్పిపోయిన ఏడాది, ఇంట్లో రెండు చావులు. ఇవన్నీ మోస్తూ బడికి వచ్చిన పిల్లవాడు పాఠంలో వెనకబడడంలో వింతేముంది? కానీ బడి రిజిస్టరులో వీటికి గడి లేదు. అక్కడ కనిపించేది పాఠం రాని పిల్లవాడు మాత్రమే.

వాడికి మూడేళ్ల చిన్నవాడు తమ్ముడు నిత్యానంద. ఇంట్లో అందరూ నిత్య అనేవారు. నిత్య చురుకైనవాడు, ఏది చెప్పినా ఇట్టే పట్టుకునేవాడు. ఒకే ఇంట్లో ఒకడు మెరుపు, ఒకడు మందం. ఇలాంటి ఇళ్లలో పెద్దల నోట ఏ మాటలు వస్తాయో మనకు తెలియనివి కావు.

పలక ఇచ్చేసి వచ్చేవాడు

తన చిన్ననాటి సంగతులు కృష్ణమూర్తికి పెద్దయ్యాక దాదాపు గుర్తులేవు. మనకు తెలిసినవాటిలో ఎక్కువ భాగం 1911లో తండ్రి నారాయణయ్య చెప్పి రాయించినవే. వాటిలో రెండు సంగతులు ఉపాధ్యాయులుగా మమ్మల్ని ఎప్పుడూ ఆపేస్తాయి.

మొదటిది, కృష్ణ బడి నుంచి ఇంటికి వచ్చేటప్పుడు తరచు పలక ఉండేది కాదు, బలపం ఉండేది కాదు, పుస్తకం ఉండేది కాదు. లేని పిల్లలు ఎవరైనా కనబడితే ఇచ్చేసి వచ్చేవాడు. తల్లి మిఠాయి పంచితే తన వాటాలో కాస్త ఉంచుకుని మిగతాది అన్నదమ్ములకు పెట్టేవాడు. పాఠం రానివాడని బడి తేల్చిన పిల్లవాడికి పక్కవాడి చేతిలో పలక లేదన్న సంగతి కనిపించింది. చూపు లేనివాడికి అది కనిపించదు. వాడి చూపు పంతులు చూడమన్న చోట లేదంతే.

రెండోది గడియారం కథ. ఒకరోజు తండ్రి గడియారాన్ని కృష్ణ ఊడదీశాడు. లోపల అది ఎలా తిరుగుతుందో తెలుసుకోవాలి. మళ్లీ బిగించేదాకా బడికి వెళ్లనన్నాడు, అన్నం కూడా తిననన్నాడు. చివరికి బిగించాకే లేచాడు. ఏ పనిలోనూ మనసు నిలపలేడన్న పిల్లవాడు పళ్లచక్రాల ముందు కదలకుండా కూర్చున్నాడు. మనసు నిలిపే శక్తి వాడిలో నిండుగా ఉంది. బడి అడిగిన రూపంలో అది బయటికి రాలేదు.

బయట ఉన్నప్పుడు మరీను. చెట్ల దగ్గర, మొక్కల దగ్గర చాలాసేపు నిలబడిపోయేవాడు. నేల మీద గొంతుకూర్చుని పురుగులను చూసేవాడు. మబ్బుల కదలిక చూస్తూ చుట్టూ ఏం జరుగుతున్నదో మరిచిపోయేవాడు. పెద్దలకు అది పరధ్యానంగా కనిపించింది. పిలిస్తే పలకడు, నోరు తెరుచుకుని చూస్తూ ఉంటాడు, ఇక వీడికి చదువేమిటి అనుకున్నారు.

మైలాపూర్ వరండా

1907లో కుటుంబం మదనపల్లెకు తిరిగి వచ్చింది. అన్నదమ్ములిద్దరూ అక్కడి బడిలో చేరారు. ఆ ఏడాది చివర నారాయణయ్య ఉద్యోగ విరమణ చేశారు. వచ్చే పింఛను ఇంటికి చాలదు. ఆయన ఎన్నో ఏళ్లుగా దివ్యజ్ఞాన సమాజంలో సభ్యుడు. సమాజం అధ్యక్షురాలు అనీబీసెంట్‌కు రాసి, మద్రాసులో అడయారు కేంద్రంలో పని సంపాదించుకున్నారు. 1909 జనవరిలో పిల్లలతో అక్కడికి చేరారు. ఆవరణ బయట ఒక చిన్న ఇల్లు దొరికింది.

అక్కడి నుంచి కృష్ణ, నిత్య రోజూ సుమారు అయిదు కిలోమీటర్లు నడిచి మైలాపూర్‌లోని హైస్కూలుకు వెళ్లేవారు. తెలుగు ఇంటి పిల్లలు. వీధిలో వినబడేది ఎక్కువగా తమిళం. ఇంగ్లీషు అంతంతమాత్రం. ఇప్పుడు మనం భాషా అల్పసంఖ్యాక విద్యార్థి అని కాగితాల్లో రాస్తున్నామే, కృష్ణ అప్పుడు సరిగ్గా అలాంటి పిల్లవాడే. ఇంటి మాట ఒకటి, వీధి మాట ఒకటి, పాఠం మాట మరొకటి.

ఆ బడిలో వాడు దెబ్బలు తినని రోజు అరుదు. పాఠం రాలేదని పంతులు బెత్తంతో కొట్టి బయటికి పంపేవాడు. వాడు వరండాలో నిలబడి ఉండేవాడు. పంతులు వాడి సంగతే మరిచిపోయేవాడు. లోపలికి రమ్మనేవాడు లేడు, ఇంటికి పొమ్మనేవాడు లేడు. సాయంత్రం బడి వదిలాక నిత్య వచ్చి అన్న చెయ్యి పట్టుకుని ఇంటికి తీసుకుపోయేవాడు.

ఈ దృశ్యం దగ్గర కాస్త నిలబడాలి. కొట్టిన దెబ్బ కొంతసేపటికి మానుతుంది. బయట నిలబెట్టి మరిచిపోవడం అంతకన్నా పెద్ద శిక్ష. ఇప్పుడు చట్టం మారింది. 2009 నాటి విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ పిల్లలను కొట్టడాన్నీ, మానసికంగా హింసించడాన్నీ నిషేధించింది. బెత్తం చాలా బడుల్లో పోయింది. మరిచిపోవడం పోయిందా అన్నది మనమందరం ఎవరికి వాళ్లం వేసుకోవాల్సిన ప్రశ్న. చివరి బెంచీలో కూర్చుని, అల్లరి చేయక, అడిగితే నోరు విప్పక, ఏడాదంతా గడిపేసే పిల్లలు మన బడుల్లోనూ ఉన్నారు. వాళ్లు వరండాలో లేరు కాబట్టి లోపలే ఉన్నారని అనుకుంటున్నాం.

బెత్తంతో పాటు తెలుగూ పోయింది

1909 వేసవిలో అడయారు సముద్రతీరంలో ఆడుకుంటున్న కృష్ణను దివ్యజ్ఞాన సమాజం పెద్దల్లో ఒకరైన లెడ్‌బీటర్ చూశారు. ఈ పిల్లవాడు ముందుముందు గొప్ప గురువు అవుతాడని ఆయన ప్రకటించారు. ఆ పిల్లల ఇంటిపనికి అప్పుడప్పుడు సాయం చేస్తున్న ఎర్నెస్ట్ వుడ్ ఆశ్చర్యపోయారు. కృష్ణ చాలా మందబుద్ధి అని వుడ్ అప్పటికే అనుకుని ఉన్నారు. ఒకే పిల్లవాడిని ఇద్దరు పెద్దలు అంత వేరువేరుగా చూశారు. లెడ్‌బీటర్ నమ్మకాలు ఎలాంటివన్నది ఇక్కడ మనకు అక్కర్లేదు. వాడిలో ఏదో ఉందని మాత్రం ఆ పెద్ద అనుకున్నారు.

బడిలో కొట్టారన్న సంగతి తెలిశాక అన్నదమ్ములను ఆ బడి మాన్పించారు. అడయారులోనే చదువు మొదలైంది. మంచి తిండి, ఈత, సైకిలు, టెన్నిసు వచ్చాయి. ఒంట్లో సత్తువ వచ్చింది. నెలల్లోనే ఇంగ్లీషు పట్టుబడింది. అక్కడా క్రమశిక్షణ తక్కువేమీ కాదు. నోరు తెరుచుకుని నిలబడ్డాడని లెడ్‌బీటర్ కూడా ఒకసారి చెయ్యి చేసుకున్నారు. ఆ తర్వాత ఆయనతో కృష్ణకు మునుపటి చనువు లేకపోయింది. ఒక్క దెబ్బ ఎంత దూరం పోతుందో దీన్నిబట్టి తెలుస్తుంది.

ఈ కొత్త చదువులో తెలుగుకు చోటు లేదు. చుట్టూ ఇంగ్లీషే, చదివేది ఇంగ్లీషే. తండ్రితో రాకపోకలు తగ్గాయి. 1911లో అన్నదమ్ములను ఇంగ్లండ్ తీసుకువెళ్లారు. పిల్లలను తనకు అప్పగించమని నారాయణయ్య కోర్టుకెక్కారు. మద్రాసు హైకోర్టులో ఆయన గెలిచారు. 1914లో లండన్ ప్రివీ కౌన్సిల్‌లో అనీబీసెంట్ గెలిచారు. తండ్రి ఇంటితో పాటే ఇంటి భాష కూడా దూరమైంది. పద్నాలుగేళ్ల దాకా తెలుగులోనే పెరిగిన పిల్లవాడు కొన్నేళ్లకు తెలుగులో మాట్లాడలేని మనిషి అయ్యాడు. పెద్దయ్యాక మదనపల్లెలో చేసిన ప్రసంగాలు కూడా ఇంగ్లీషులోనే.

తెలుగు బడి పంతుళ్లుగా మాకు ఈ సంగతి ముల్లులా గుచ్చుకుంటుంది. పద్నాలుగేళ్లు మాట్లాడిన భాష పోదులే, ఇంట్లో ఎలాగూ ఉంటుందిలే అని మనం ధైర్యంగా ఉంటాం. వినేవాళ్లు, మాట్లాడేవాళ్లు, చదివించేవాళ్లు లేకపోతే అది పోతుంది. ఎంత తెలివైనవాడి దగ్గరైనా పోతుంది. చీమను, మబ్బును, మర్రిని ఆ పిల్లవాడు మొదట చూసింది తెలుగు మాటలతోనే. తర్వాత డెబ్బై ఏళ్లపాటు ప్రకృతి గురించి ఆయన ఎంతో చక్కగా చెప్పారు, రాశారు. అందులో ఒక్క ముక్క కూడా మన భాషలో పుట్టలేదు. మనకు అందినవన్నీ అనువాదాలే.

పరీక్షలు దాటలేదు

ఇంగ్లండ్‌లో ఆక్స్‌ఫర్డ్‌లో చేర్చాలని చూశారు. చోటు దొరకలేదు. లండన్ విశ్వవిద్యాలయం మెట్రిక్యులేషన్‌కు కట్టించారు. మూడుసార్లు తప్పారు. తమ్ముడు నిత్య న్యాయశాస్త్రం చదివి బారిస్టరు అయ్యారు. అన్న ఏ పట్టానూ అందుకోలేదు. అప్పటికీ ఈ ఇద్దరి మధ్య పోటీ గానీ, అసూయ గానీ లేదు. చిన్నప్పుడు వరండా నుంచి చెయ్యి పట్టుకుని నడిపించిన తమ్ముడు చివరిదాకా ఆయనకు తోడుగానే ఉన్నారు. క్షయవ్యాధితో 1925 నవంబరులో కాలిఫోర్నియాలోని ఓహాయ్‌లో నిత్య చనిపోయారు. అప్పటికి ఇరవై ఏడేళ్లు. కృష్ణమూర్తి ఆ దెబ్బకు కుంగిపోయారు. తనను గురించి పెద్దలు కట్టిన నమ్మకాల మీద ఆయనకున్న సందేహాలు ఆ తర్వాత బలపడ్డాయి.

ఆయన పేరు మీద 1911లోనే ఒక సంఘం పెట్టారు. వేలమంది సభ్యులు, ఆస్తులు, భూములు. 1929 ఆగస్టు 3న హాలండ్‌లోని ఓమెన్‌లో మూడు వేల మందికి పైగా సభ్యుల ముందు ఆ సంఘాన్ని ఆయనే రద్దు చేశారు. తనకు శిష్యులు వద్దన్నారు. ఆస్తులను ఇచ్చినవాళ్లకే తిరిగి ఇప్పించారు. పలక లేని పిల్లవాడికి పలక ఇచ్చేసి వచ్చిన పిల్లవాడే ఈ పని చేశాడని అనుకుంటే మనకు అంత ఆశ్చర్యం కలగదు.

ఇక్కడ ఒక మాట నిజాయతీగా చెప్పుకోవాలి. మెట్రిక్యులేషన్ తప్పినా కృష్ణమూర్తికి బతుకు ఆగలేదు. ఆయన వెనక అనీబీసెంట్ ఉన్నారు, ఆదరించిన కుటుంబాలు ఉన్నాయి. మన పిల్లల వెనక ఎవరున్నారు? 2001 ఫిబ్రవరి 28న గనులు మూతపడ్డాక, తెల్లవారకముందే కోరమండల్ స్టేషన్‌లో బెంగళూరు రైలెక్కి, రాత్రికి ఇల్లు చేరే అమ్మానాన్నలున్నారు. ఆ పిల్లలకు ఎస్సెస్సెల్సీ మార్కులే తలుపు. అందుకే ఆయన పరీక్ష తప్పారు కాబట్టి మన పిల్లలూ తప్పితే ఏమిటి అని మేము ఎప్పటికీ అనం. చదువు రావాలి, పరీక్ష దాటాలి. అందుకోసం పిల్లవాడిలోని చూపును చంపాల్సిన పని లేదన్నదే మా మాట.

మర్రిచెట్టు దగ్గర బడి

కొట్టించుకున్న పిల్లలు పెద్దయ్యాక కొందరు కొట్టే పెద్దలవుతారు. కృష్ణమూర్తి భయం లేని బడి పెట్టాలనుకున్నారు. సొంత ఊరు మదనపల్లెకు దగ్గరలోనే, తెట్టు గ్రామం వైపు, గుట్టల మధ్య ఒక లోయను ఎంచుకున్నారు. అక్కడ ఒక పెద్ద మర్రిచెట్టు ఉండేది. ఆ మర్రిని చూసే ఆ చోటు ఎంచుకున్నారని ఆ వైపు చెప్పుకుంటారు. పక్కనున్న రిషికొండ పేరు మీద అది రిషి వ్యాలీ అయింది. 1926లో పనికి పునాది పడింది. 1930లలో బడి అక్కడ నిలదొక్కుకుంది. తర్వాత వారణాసిలో రాజ్‌ఘాట్, ఇంగ్లండ్‌లో బ్రాక్‌వుడ్ పార్క్, ఓహాయ్‌లో ఓక్ గ్రోవ్, మద్రాసులో, బెంగళూరులో కూడా బడులు వచ్చాయి.

రిషి వ్యాలీ మొదట్లో మన గుట్టల్లాగే బోడిగా, ఎండగా ఉండేది. ఏళ్ల తరబడి మొక్కలు నాటి, వాననీటిని నిలబెట్టి, పశువులు మేయకుండా కాపాడి పచ్చగా చేశారు. చెట్లు పెరిగాక పక్షులు వచ్చాయి. తర్వాత ఆ లోయ పక్షుల సంరక్షణ ప్రాంతం అయింది. సైనైడ్ దిబ్బల గాలిదుమ్ము మధ్య బడి నడుపుకునే మనకు ఇది చిన్న ధైర్యం కాదు.

అక్కడ అస్తాచల్ అని ఒక అలవాటు ఉంది. సాయంత్రం పొద్దు వాలే వేళ పిల్లలు ఒకచోట చేరి, మాట్లాడకుండా కూర్చుని పడమటి కొండల వైపు చూస్తారు. ప్రశ్నలు లేవు, మార్కులు లేవు. మైలాపూర్ బడి ఏ పనికి కృష్ణను శిక్షించిందో, ఆ పనికే ఆయన పెట్టిన బడి రోజూ కొంత సమయం కేటాయించింది.

చదువు గురించి ఆయన దశాబ్దాల పాటు ఉపాధ్యాయులతో, పిల్లలతో, తల్లిదండ్రులతో మాట్లాడుతూనే ఉన్నారు. 1953లో వచ్చిన ఒక పుస్తకం మొత్తం విద్య మీదే. అందులోనూ, తర్వాతా ఆయన చెప్పినవాటి సారం మూడు ముక్కల్లో ఇది. భయం ఉన్నచోట నేర్చుకోవడం ఉండదు. ఒక పిల్లవాడిని ఇంకొకడితో పోల్చితే ఇద్దరికీ నష్టమే. చెట్టుతో, మట్టితో, పక్షితో చుట్టరికం పోగొట్టుకున్న మనిషికి తోటి మనుషులతో చుట్టరికం కూడా పలచబడుతుంది. మొదటి రెండూ ఆయన సొంత చిన్నతనం నుంచి పుట్టినవేనని మాకు అనిపిస్తుంది.

చివరిదాకా ఆయన నడక మానలేదు. 1985 చలికాలంలో, తొంభై ఏళ్ల వయసులో, రిషి వ్యాలీకి వచ్చి పిల్లలతో, ఉపాధ్యాయులతో మాట్లాడారు. 1986 జనవరి 10 సాయంత్రం అడయారు సముద్రతీరంలో నడిచి, ఆ రాత్రే దేశం విడిచి వెళ్లారు. డెబ్బై ఆరేళ్ల ముందు, బడికి పనికిరాని పిల్లవాడిగా ఆడుకుంటూ కనబడిన తీరం అదే. ఫిబ్రవరి 17న ఓహాయ్‌లో కన్నుమూశారు.

మన తరగతిలోకి వచ్చిన నలి-కలి

రిషి వ్యాలీ డబ్బున్నవాళ్ల బడి, మనకెందుకు అని ఎవరైనా అనుకోవచ్చు. దాని చుట్టూ ఉన్న పల్లెల్లో 1980ల నుంచి చిన్న బడులు నడిచాయి. ఒకే గదిలో వేరువేరు తరగతుల పిల్లలు, ఒకే పంతులు, తెలుగులో పాఠాలు. ఎవరి వేగంలో వాళ్లు ముందుకు పోయేలా బొమ్మల గుర్తులున్న కార్డులు, గోడ మీద నేర్చుకునే నిచ్చెన తయారుచేశారు. చుట్టూ ఉన్న చేను, పశువు, పాట, కథ అన్నీ ఆ కార్డుల్లోకి వచ్చాయి.

1995లో మైసూరు జిల్లా హెగ్గడదేవనకోటె తాలూకా ఉపాధ్యాయులు అక్కడికి వెళ్లి చూశారు. యూనిసెఫ్ సాయంతో తమ బడుల్లో కన్నడంలో అలాంటిదే మొదలుపెట్టారు. అదే నలి-కలి. 2009 తర్వాత కర్ణాటక అంతటా ప్రభుత్వ బడుల చిన్న తరగతుల్లోకి వచ్చింది. అంటే, మన పిల్లలు ఒకటి, రెండు, మూడు తరగతుల్లో ఎక్కే ఆ నిచ్చెన మొదటి మెట్లు మదనపల్లె పక్కన, తెలుగు బడుల్లో తయారయ్యాయి. తెలుగు మాధ్యమం ఇంకెన్నాళ్లులే అని నిట్టూర్చేవాళ్లకు ఈ సంగతి చెప్పండి.

కిటికీ పక్కన కూర్చునేవాళ్ల కోసం

పిల్లవాడు పాఠంలో లేడని అనిపించినప్పుడు ముందు కారణం వెతకాలి. కళ్లు సరిగా కనబడుతున్నాయా, చెవులు వినబడుతున్నాయా, పొద్దున ఏమైనా తిన్నాడా, జ్వరాలు వస్తున్నాయా, ఇంట్లో ఎవరైనా పోయారా, బడి మారాడా? కృష్ణ విషయంలో వీటిలో సగానికి పైగా కారణాలు ఉన్నాయి. ఒక్క పంతులు అడిగి ఉంటే తెలిసేవి. మన పిల్లలకు ఇంకో బరువు కూడా ఉంది. తెలుగు, కన్నడ, ఇంగ్లీషు మూడు లిపులు ఒకేసారి నేర్చుకోవాలి. తెలుగు తలకట్టు బదులు కన్నడ తలకట్టు పెట్టిన పిల్లవాడు మొద్దు కాడు. వాడి చేతికి రెండు లిపులు వచ్చాయి, విడదీయడం ఇంకా రాలేదు.

తర్వాత, వాడు బయట ఏం చూస్తున్నాడో అడగాలి. తిట్టే గొంతుతో కాకుండా, నిజంగా తెలుసుకోవాలన్నట్టు అడగాలి. గోరింకలు పోట్లాడుకుంటున్నాయని చెబితే, అయిదు వాక్యాల్లో తెలుగులో రాయమనండి. రాసిన అయిదు వాక్యాలు వ్యాకరణం పుస్తకంలో పది అభ్యాసాలకు సమానం. చీమల బారును రెండు నిమిషాలు లెక్కపెట్టి, రేపు మళ్లీ లెక్కపెట్టి తేడా చెప్పమంటే అది లెక్కల పాఠం. వానాకాలంలో ఒక డబ్బా ఆరుబయట పెట్టి, స్కేలుతో నీటి ఎత్తు కొలిచి నెలంతా రాసిపెడితే అది పరిసర అధ్యయనం. బయటి నుంచి వచ్చిన చూపును ఇలా నోట్‌బుక్కులోకి తెస్తే మార్కులకూ పనికొస్తుంది.

ఇంట్లో పెద్దవాళ్లు చేయగలిగింది బడి చేయలేదు. తొలకరికి ఎర్రమట్టిలో మఖమల్ ముక్కలా పాకే పురుగును ఆరుద్ర పురుగు అంటారని, ఆరుద్ర కార్తెలో కనబడుతుంది కాబట్టే ఆ పేరని అవ్వాతాతలకు తెలుసు. ఏ కార్తెలో రాగి చల్లుతారో వాళ్లకు తెలుసు. కానుగ కాయ నూనె ఎందుకు వాడేవారో తెలుసు. ఆదివారం పూట అరగంట ఆ మాటలు మనవడితో పంచుకుంటే రెండు పనులు ఒకేసారి జరుగుతాయి. పిల్లవాడికి చుట్టూ ఉన్నది తెలుస్తుంది, తెలుగు నిలుస్తుంది. పేరు తెలియని పిట్టను ఎక్కువసేపు ఎవరూ చూడరు. వాడని పేరు ఎక్కువకాలం బతకదు.

ఒకే ఇంట్లో ఇద్దరు పిల్లలుంటే ఒకరి మార్కుల కాగితం పక్కన ఇంకొకరిది పెట్టకండి. కృష్ణను పెద్దలందరూ నిత్యతో పోల్చారు. ఒక్క నిత్య మాత్రం పోల్చుకోలేదు, సాయంత్రం వచ్చి చెయ్యి పట్టుకున్నాడు. మన ఇళ్లలో అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లు అలా ఉండాలంటే పెద్దవాళ్లం మధ్యలో తూకం పెట్టకుండా ఉంటే చాలు.

ఈ నెల తల్లిదండ్రుల సమావేశానికి వచ్చినప్పుడు పిల్లవాడి మార్కులు అడగండి, తప్పకుండా అడగండి. దాంతోపాటు, వాడు తరగతిలో ఎటు చూస్తూ కూర్చుంటాడో కూడా మమ్మల్ని అడగండి. మేము చెప్పలేకపోతే, చూసి చెప్పమనండి.